స్వచ్ఛంద సంస్థ బాధ్యత మీ చేతికొస్తే: ముందు లెక్క, తర్వాతే మాట

హైదరాబాద్‌లో చిన్న సంస్థల్లో పనిచేసే పిల్లలు నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. "అక్కా, వచ్చే నెల నుంచి సంస్థ నన్నే చూసుకోమంటున్నారు. కమిటీ ముందు, కంపెనీవాళ్ల ముందు మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?" ఎలా నిలబడాలో, ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణలు ఈ ఊళ్లో బోలెడున్నాయి. నేను మాత్రం వాళ్లని ముందు క్యాష్‌బుక్ తీయమంటాను. అడ్డగుట్ట, పార్శీగుట్ట బస్తీల్లో సాయంత్రం బడులు నడిపే సంస్థకి చాలా ఏళ్లుగా కార్యదర్శిగా ఉన్నాను. నేను చూసినంతలో ఈ పనిలో ధైర్యం రెండు చోట్ల నుంచి వస్తుంది. మన లెక్క మనకి తెలియాలి, మన బస్తీ మనకి తెలియాలి. ఈ రెండూ తెలిసినవాళ్లు ఎంత పెద్ద దాతకైనా "ఇది మాకు వద్దండీ" అని మర్యాదగా చెప్పగలరు. ఆ మాట అనలేని సంస్థ కొన్నాళ్లకి తన పని వదిలేసి ఎవరెవరి పనులో చేస్తూ ఉంటుంది.

కాబట్టి మొదటి వారం కొత్త ఆలోచనలేవీ పెట్టుకోకండి. ఒక కేంద్రానికి నెలకి ఎంత ఖర్చవుతుందో మీ చేత్తో కాగితం మీద రాయండి. అకౌంటెంట్ ఇచ్చిన షీట్ చూసి ఊరుకోవద్దు. వోచర్లు ముందేసుకుని కూర్చోండి.

ఉదాహరణకి నలభై మంది పిల్లలున్న ఒక సాయంత్రం బడి తీసుకుందాం. రెండు గదుల అద్దె 7,000. పూటకి మూడు గంటలు చెప్పే ఇద్దరు టీచర్లకి 8,000 చొప్పున 16,000. ఆయాకి 4,500. కరెంటు 800. నోటుబుక్కులు, చాక్‌పీసులు 1,200. అటుకులు, పల్లీపట్టీలు 2,500. ఇదంతా 32,000. ఇక్కడితో ఆపేస్తే లెక్క తప్పినట్టే. నాలుగు కేంద్రాలు తిరిగే సూపర్‌వైజర్ జీతంలో, అకౌంటెంట్ జీతంలో, ఆడిట్ ఫీజులో, ఆఫీసు అద్దెలో ఈ కేంద్రం వాటా ఇంకో 6,000 అనుకోండి. మొత్తం 38,000. అంటే ఒక్కో బిడ్డకి నెలకి 950 రూపాయలు.

చాలామంది ప్రపోజల్ రాసేటప్పుడు ఆ 6,000ని సిగ్గుపడి తీసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరూ ఇవ్వకపోయినా ఆ ఖర్చు ఆగదు. చివరికి ఆ భారం టీచర్ల మీద పడి, వాళ్ల జీతం రెండు నెలలు ఆగుతుంది. దాత ముందు మనం పడిన మొహమాటానికి ఎనిమిది వేల జీతగత్తె ఎందుకు మూల్యం చెల్లించాలి? "మా డబ్బు మొత్తం పిల్లలకే వెళ్లాలి" అని ఎవరైనా అంటే నేను నెమ్మదిగా అడుగుతాను: "వోచర్లు రాసే మనిషి లేకపోతే మార్చిలో మీకు యూసీ, అంటే మీ డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే సర్టిఫికెట్, ఎవరిస్తారండీ?" అర్థం చేసుకునేవాళ్లు అర్థం చేసుకుంటారు.

తర్వాత మీ చేతిలో ఎన్ని నెలల జీతాలకి సరిపడా డబ్బుందో చూడండి. కంపెనీల చట్టం 2013 ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి ఖర్చు పెట్టాలి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ డబ్బుకి వాళ్ల ఆర్థిక సంవత్సరం, వాళ్ల బోర్డు మీటింగులు, వాళ్ల సంతకాలు అడ్డుంటాయి. మన బడి జూన్‌లో తెరిస్తే వాళ్ల మొదటి వాయిదా సెప్టెంబర్‌కి రావచ్చు. అందుకే కనీసం మూడు నెలల జీతాలు వేరే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. ఆదాయపు పన్ను నిబంధనలు కూడా ఏడాది ఆదాయంలో 15 శాతం వరకు మిగుల్చుకోనిస్తాయి. మిగిలిన డబ్బు తప్పుడు డబ్బేమో అన్న భయం చాలామంది కార్యకర్తల్లో చూశాను. ఆ భయం వదిలేయండి. వద్దని చెప్పగలిగే బలం ఆ డిపాజిట్ రసీదే ఇస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదైన సంస్థకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురూ ఇప్పటికీ ఊళ్లో ఉన్నారా, సంతకానికి వస్తారా చూసుకోండి. సంస్థ ఆదాయానికి, దాతల చందాకి పన్ను మినహాయింపు ఇచ్చే, 12ఏ, 80జి అని అందరం పిలుచుకునే రిజిస్ట్రేషన్లు 2021 నుంచి గడువుతో వస్తున్నాయి. గడువు తీరే ఆరు నెలల ముందే రెన్యువల్‌కి పెట్టాలి. 2,000 రూపాయలకి మించి నగదుగా ఇచ్చిన చందాకి దాతకి పన్ను మినహాయింపు రాదు. ఈ సంగతి రసీదు ఇచ్చేటప్పుడు చెప్పేకంటే చందా తీసుకోకముందే చెప్పండి. కంపెనీల నుంచి సీఎస్ఆర్ డబ్బు కావాలంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 అనే ఫారంతో నమోదై ఉండాలి. విదేశీ నిధులు తీసుకునేవాళ్లకి 2020 సవరణ తర్వాత పరిపాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. ఆ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడానికీ వీల్లేదు. పది మంది, అంతకు మించి పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరుండాలి. మనమే ఆడవాళ్ల హక్కుల మీద మాట్లాడుతూ మన ఆఫీసులో ఆ కమిటీ లేకపోవడం నేను ఒప్పుకోను. ఈ తేదీలన్నీ గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో రాయండి. ఫోన్‌లో రిమైండర్ మీ ఒక్కరికే కనిపిస్తుంది, గోడ మీదిది అందరికీ కనిపిస్తుంది.

ఇక సంస్థ ఎందుకుందో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. దీనికి మన ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. 1981లో మొదలైన ఎం.వి. ఫౌండేషన్, ప్రొఫెసర్ శాంతా సిన్హా నాయకత్వంలో బాలకార్మికుల మీద పనిచేసినప్పుడు ఒక మాట మీద గట్టిగా నిలబడింది: బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ప్రమాదకరమైన పని, మామూలు పని అన్న తేడా పెట్టలేదు. ఇంట్లో పని, పొలంలో పని వేరన్న వాదన ఒప్పుకోలేదు. ఇంత స్పష్టంగా ఉన్న మాటతో కార్యకర్త ఏ ఊరెళ్లినా, ఏ గుమ్మంలో నిలబడినా ఏం చేయాలో ఎవరినీ అడగక్కర్లేదు. శాంతా సిన్హాకి 2003లో మెగసెసె అవార్డు వచ్చిందన్నది అందరికీ గుర్తుంటుంది. నాయకత్వం నేర్చుకునేవాళ్లు మాత్రం ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మా వాక్యం చాలా చిన్నది. అయిదో తరగతి దాటేలోపు మా దగ్గరికొచ్చే ప్రతి బిడ్డా తెలుగైనా, ఉర్దూ అయినా తడబడకుండా చదవాలి. ఒకసారి ఒక కంపెనీవాళ్లు పిల్లలకి ట్యాబ్‌లు ఇస్తామన్నారు. మంచి మనసుతోనే వచ్చారు. మా టీచర్లు ఆశపడ్డారు కూడా. నేను మూడు ప్రశ్నలు వేశాను. వీటివల్ల పిల్లలు చదవడం నేర్చుకుంటారా? పాడైతే బాగుచేయించే డబ్బు ఎవరిస్తారు? రాత్రి ఎక్కడ దాస్తాం? మొదటి ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. ఆ వారంలోనే ఉత్తరం రాశాం: వచ్చినందుకు కృతజ్ఞతలు, ట్యాబ్‌లు మేం వాడుకోలేం, మాకు కావాల్సింది పిల్లల కథల పుస్తకాలు, ఒక టీచర్‌కి ఏడాది జీతం, ఖర్చు వివరం ఇదిగో. వాళ్లు టీచర్ జీతం ఇవ్వలేదు, పుస్తకాలు మాత్రం పంపారు. ట్యాబ్‌ల డబ్బు ఇంకో సంస్థకి వెళ్లింది. వెళ్లనివ్వండి. వద్దనేటప్పుడు ఆలస్యం చేయకూడదు, నసగకూడదు. ఏం కావాలో అదే కాగితంలో అంకెలతో సహా అడగాలి.

కొత్త ఆలోచనల గురించి ఎక్కువ చెప్పాలని ఉంది. ఎందుకంటే అవి పెద్ద హోటల్లో జరిగే వర్క్‌షాపుల్లో దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. మా ఆఫీసులో సోమవారం మీటింగ్‌కి ఒక పద్ధతుంది. అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి ముందు మాట్లాడాలి, కార్యదర్శి చివర మాట్లాడాలి. అధికారంలో ఉన్నవాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లంతా తలూపుతారు, అంతే.

ఒక కేంద్రంలో పెద్ద తరగతుల ఆడపిల్లల హాజరు రిజిస్టర్‌లో ఒకరోజు నిండుగా, మర్నాడు సగానికి సగం కనిపించేది. టీచర్లు తల్లిదండ్రుల మీటింగ్ పెట్టి గట్టిగా చెబుదామన్నారు. అప్పటికి మీటింగ్‌లో ఆయా వంతు అయిపోయింది. అయినా ఆమె మళ్లీ అందుకుంది. "మీటింగ్ పెడితే ఏమైతదక్కా? నల్లా వచ్చిన్నాడు ఆడపిల్లలు ఎట్ల వస్తరు? తల్లులు పనులకు పోయి చీకటి పడ్డంక వస్తరు. బిందెలు పట్టేది ఈ పిల్లలే గద." నల్లా రోజు మార్చి రోజు వస్తుంది. రిజిస్టర్ పక్కన నల్లా రోజులు రాసి చూస్తే గైర్హాజరు అచ్చం అలాగే ఉంది. ఆ కేంద్రంలో నల్లా రోజుల్లో బడి గంట ఆలస్యంగా మొదలుపెట్టాం. తల్లిదండ్రుల మీటింగ్ కూడా పెట్టాం, కాకపోతే మగపిల్లలు కూడా బిందెలు పట్టాలని చెప్పడానికి. అన్ని ఇళ్లలో జరిగిందని చెప్పను. బడికి వచ్చే ఆడపిల్లలు మాత్రం పెరిగారు.

ఇలాంటి మార్పు ఏదైనా ముందు ఒక్క కేంద్రంలో ఆరు వారాలు చేసి చూడండి. దేన్ని కొలుస్తారో మొదలుపెట్టే రోజే రాసుకోండి. పనిచేయకపోతే ఆపేయండి, ఆపినందుకు ఎవరినీ నిందించకండి. ఎవరు మాట్లాడతారన్నదీ ముఖ్యమే. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో సంఘం రేడియో అనే కమ్యూనిటీ రేడియో మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలే మైకు పట్టి తమ విత్తనాల గురించి, తమ పంటల గురించి మాట్లాడారు. వాళ్ల తరఫున ఎవరో చదువుకున్నవాళ్లు మాట్లాడి ఉంటే అది ఇంకో రేడియో అయ్యేది. మీ సంస్థలో మైకు ఎవరి చేతిలో ఉందో ఒకసారి చూసుకోండి.

బస్తీ క్యాలెండర్ కూడా తెలిసి ఉండాలి. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల వారం మా పిల్లలెవరూ పరీక్ష రాయరు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకి బడి పెడితే ఎవరూ రారు. దాతల సందర్శన తేదీ ఖాయం చేసేముందు ఈ క్యాలెండర్ చూడండి.

కమిటీని చూసి భయపడేవాళ్లకి నా సలహా: మీటింగ్‌కి ముందే ఒక్కో సభ్యుడికీ ఫోన్ చేయండి. చెడ్డ వార్త ఉంటే అధ్యక్షులకి ముందే చెప్పండి, మీటింగ్‌లో మొదటిసారి వింటే ఎవరికైనా కోపమొస్తుంది. ఎజెండా ఒక్క పేజీ దాటకూడదు. సంస్థ పెట్టిన పెద్దవాళ్లుంటే నెలకోసారి వాళ్లింటికెళ్లి కూర్చోండి, పాత సంగతులు అడగండి. నిర్ణయం మాత్రం కమిటీలో తీసుకోండి, వాళ్లింటి హాల్లో కాదు.

కుర్చీలో కూర్చున్న మొదటి ఏడాదే మీ తర్వాత ఎవరో ఆలోచించండి. దాతల మీటింగ్‌కి ఒంటరిగా వెళ్లకండి. ఫీల్డ్ నుంచి ఒకరిని తీసుకెళ్లి, అంకెలు వాళ్లనే చెప్పనివ్వండి. బ్యాంకు సంతకాల్లో మీతో పాటు ఇంకొకరు ఉండాలి, పన్ను పోర్టల్ పాస్‌వర్డులు, ఆడిటర్ ఫోన్ నంబర్ మీతో పాటు ఇంకొకరికి తెలిసి ఉండాలి. వచ్చే కమిటీ మీటింగ్‌లోనే రెండో సంతకందారు పేరు తీర్మానం చేయించి, మినిట్స్ బుక్‌లో సంతకాలు పెట్టించి, ఆ నకలు మర్నాడే బ్యాంకులో ఇచ్చి రండి.