టెన్నిస్ స్కోరు చదవడం – 4వ పాఠం: బ్రాకెట్లో అంకె, ఆఖరి సెట్

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. 1970 వింబుల్డన్ మహిళల ఫైనల్లో మార్గరెట్ కోర్ట్ 14-12, 11-9తో బిల్లీ జీన్ కింగ్‌ను ఓడించింది. మొత్తం ఎన్ని గేములు? 26కి 20 కలిపితే 46. ఆడింది రెండు సెట్లే! అప్పటికి వింబుల్డన్‌లో టైబ్రేక్, అంటే గేములు సమమైనప్పుడు సెట్‌ను తేల్చే ప్రత్యేక గేము, లేదు. ఎవరో ఒకరు రెండు గేముల ఆధిక్యం సాధించేదాకా సెట్ సాగాల్సిందే. అంతకు ముందు ఏడాది తొలి రౌండ్‌లో 41 ఏళ్ల పాంచో గొంజాలెస్ 22-24, 1-6, 16-14, 6-3, 11-9తో చార్లీ పాసరెల్‌పై గెలిచాడు. రెండు రోజులు పట్టింది. గేములు మీరే కూడి చూడండి, 112 రావాలి.

1971లో వింబుల్డన్‌కు టైబ్రేక్ వచ్చింది. ఈ పాఠమంతా దాని గురించే.

టైబ్రేక్‌లో 15, 30, 40 ఉండవు. ఒకటి, రెండు, మూడు అని మామూలుగా లెక్కపెడతారు. మొదటి ఆటగాడు ఒక్క పాయింటుకే సర్వీస్ చేస్తాడు, ఆ తర్వాత ఇద్దరూ రెండేసి పాయింట్లకు మార్చుకుంటూ పోతారు. ప్రతి ఆరు పాయింట్లకు కోర్టులో వైపులు మారతారు. ముందుగా ఏడు పాయింట్లు చేసినవాడు నెగ్గుతాడు, కానీ తేడా కనీసం రెండు ఉండాలి.

ఇప్పుడు స్కోరులో 7-6(5) అని కనిపించిందనుకోండి. ఆ 5 ఎవరిది? కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. బ్రాకెట్లో ఉండేది టైబ్రేక్ ఓడినవాడి పాయింట్లు. గెలిచినవాడివి రాయరు, మనమే తేల్చుకోవచ్చు. బ్రాకెట్లో 5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే అవతలివాడివి 7. ఆరు దాటితే, ఆరైనా సరే, దానికి రెండు కలపండి. 7-6(8) అంటే 10-8. ఈ ఒక్క సూత్రం చేతికొస్తే సగం పాఠం వచ్చినట్టే.

మిగతా సగం ఆఖరి సెట్. దాన్ని చూసి మ్యాచ్ ఏ కాలంలో జరిగిందో ఇంచుమించుగా పట్టేయొచ్చు, నాకు ఈ విద్యలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. తొలి రోజుల్లో టైబ్రేక్ 8-8 దగ్గర పెట్టేవారు. అందుకే 1974 సెమీఫైనల్లో స్టాన్ స్మిత్‌పై కెన్ రోజ్‌వాల్ గెలిచిన మూడో సెట్ 9-8 అని కనిపిస్తుంది. 1979 నుంచి అది 6-6 దగ్గరికి వచ్చింది. అయితే నిర్ణాయక సెట్‌ను మాత్రం వింబుల్డన్ చాలాకాలం ముట్టుకోలేదు. 2008 ఫైనల్లో ఫెదరర్‌పై నాదల్ స్కోరు చూడండి: 6-4, 6-4, 6-7(5), 6-7(8), 9-7. మూడు, నాలుగు సెట్లకు టైబ్రేక్ ఉంది, అయిదో సెట్‌కు లేదు. 2010లో ఇస్నర్, మహుట్‌ల అయిదో సెట్ 70-68 దాకా వెళ్లింది కూడా ఆ నియమం వల్లే. ఆ మ్యాచ్‌కు మూడు రోజుల మీదుగా 11 గంటల 5 నిమిషాలు పట్టింది. 2018 సెమీఫైనల్లో అదే ఇస్నర్‌ను కెవిన్ ఆండర్సన్ అయిదో సెట్‌లో 26-24తో ఓడించాక నిర్వాహకులు నియమం మార్చారు. 2019 నుంచి ఆఖరి సెట్ 12-12కు చేరితే టైబ్రేక్.

మార్చిన ఏడాదే పురుషుల ఫైనల్ అక్కడిదాకా వెళ్లింది. జొకోవిచ్ 7-6(5), 1-6, 7-6(4), 4-6, 13-12(3)తో ఫెదరర్‌ను ఓడించాడు. ఈ వరుసను నెమ్మదిగా చదవండి. జొకోవిచ్ నెగ్గిన మూడు సెట్లూ టైబ్రేక్‌లే. ఫెదరర్ నెగ్గిన రెండూ తేలిగ్గా వచ్చినవి. గేములు కూడితే ఫెదరర్‌కు 36, జొకోవిచ్‌కు 32. పాయింట్లలోనూ 218-204తో ఫెదరరే ముందున్నాడు. అయిదో సెట్‌లో 8-7, 40-15 దగ్గర తన సర్వీస్‌లో రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్కటి గెలిచినా టైటిల్ దక్కేవి) అతని చేతిలో ఉన్నాయి. అయినా ట్రోఫీ జొకోవిచ్‌ది. ఎక్కువ పాయింట్లు చేసినవాడే గెలవాలన్న నియమం టెన్నిస్‌లో లేదు, ఏ పాయింట్లు అన్నదే లెక్క. 4 గంటల 57 నిమిషాల ఆ పోరును చూడనివాళ్లకు కూడా ఈ అయిదు జతల అంకెలు దాని బరువు చెబుతాయి.

2022 నుంచి నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ ఒకే పద్ధతి: ఆఖరి సెట్ 6-6కు చేరితే పది పాయింట్ల టైబ్రేక్. 2024 వింబుల్డన్ మహిళల సెమీఫైనల్లో పావోలీనీ 2-6, 6-4, 7-6(10-8)తో వెకిచ్‌పై గెలిచింది. ఇలాంటి చోట కొందరు రెండు అంకెలూ రాస్తారు, అప్పుడు పై సూత్రంతో పనే లేదు.

అభ్యాసం: 1980 వింబుల్డన్ పురుషుల ఫైనల్లో మెకన్రోపై బోర్గ్ 1-6, 7-5, 6-3, 6-7(16), 8-6తో నెగ్గి వరుసగా అయిదో టైటిల్ అందుకున్నాడు. నాలుగో సెట్ టైబ్రేక్‌లో మొత్తం ఎన్ని పాయింట్లు ఆడారు? వైపులు ఎన్నిసార్లు మారి ఉంటారు? ఇద్దరికీ గేముల్లో తేడా ఎంత? అయిదో సెట్ 7-6 దగ్గర ఎందుకు ఆగలేదు? జవాబులు కాగితం మీద రాసుకుని ఉంచండి. వచ్చే పాఠంలో సర్వీస్ బ్రేక్ మొదలుపెట్టే ముందు సరిచూసుకుందాం.