ఇంటి షెడ్డులో కోబ్రా – ఆరవ పాఠం: ఇంజన్‌ను చాసిస్‌లో కూర్చోబెట్టడం

కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారు నమూనాలో ఇంట్లోనే కారు తయారుచేసే ఈ పాఠాల్లో ఐదవది ముగిసేసరికి మీ షెడ్డులో నాలుగు స్టాండ్ల మీద ఒక నిచ్చెన చాసిస్, అంటే నిచ్చెన ఆకారపు అడుగు చట్రం, నిలబడి ఉండాలి. 102 మిల్లీమీటర్ల వ్యాసం గల రెండు పొడవాటి గొట్టాలు, వాటిని కలిపే అడ్డ గొట్టాలు, ముందు సస్పెన్షన్ బ్రాకెట్లు, వెనక పాత స్కార్పియో నుంచి తెచ్చిన హౌసింగ్ (వెనక ఇరుసు, దాన్ని తిప్పే పళ్ల చక్రాలు ఉండే పెట్టె) వాటి వాటి స్థానాల్లో ఉండాలి. మూల నుంచి మూలకు కొలిచిన రెండు కర్ణాల మధ్య తేడా 2 మిల్లీమీటర్లు దాటితే ఈ పాఠాన్ని పక్కన పెట్టి ముందు దాన్ని సరిచేసుకోండి, ఎందుకంటే వంకరగా ఉన్న చాసిస్‌లో ఇంజన్‌ను తిన్నగా కూర్చోబెట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

ఇంజన్ ప్రస్తావన ఆరవ పాఠానికి గానీ రాలేదేమని కొందరికి విసుగు కలిగి ఉండవచ్చు. మనం నమూనాగా తీసుకున్న అసలు కారు చరిత్రలోనే దానికి సమాధానం ఉంది. ఇంగ్లండులోని ఏసీ కార్స్ సంస్థ తయారుచేసే ఏస్ అనే తేలికపాటి కారులో, అమెరికన్ రేసింగ్ డ్రైవర్ కారల్ షెల్బీ సూచన మేరకు 1962లో 260 ఘనపు అంగుళాల, అంటే సుమారు 4.3 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇంజన్‌ను అమర్చగా కోబ్రా పుట్టింది. అప్పుడు చాసిస్ ప్రధాన గొట్టాలు 3 అంగుళాలవి. 1965లో అదే కారులో 7 లీటర్ల 427 ఇంజన్‌ను పెట్టదలచినప్పుడు పాత చాసిస్ సరిపోలేదు. గొట్టాలను 4 అంగుళాలకు పెంచి, వాటిని ఎడంగా జరిపి, అడ్డంగా ఉండే పట్టీ స్ప్రింగుల స్థానంలో కాయిల్ స్ప్రింగులు వాడవలసి వచ్చింది. అందుకే మనం కూడా చాసిస్ తయారయ్యాకే ఇంజన్ జోలికి వస్తున్నాం.

మనకు దొరికేది 425 హార్స్‌పవర్ వీ8 కాదు. వరంగల్, కరీంనగర్ ప్రాంతాల పాత బండ్ల మార్కెట్టులో సులభంగా దొరికేది, గేర్‌బాక్స్ ఇంజన్ వెనక బండి పొడవు వెంబడి ఉండేది, విడిభాగాలకు హైదరాబాదు దాకా పరుగెత్తనక్కరలేనిది స్కార్పియో 2.2 లీటర్ల ఎంహాక్ డీజిల్ ఇంజన్. శక్తి 120 హార్స్‌పవర్, టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 280 న్యూటన్ మీటర్లు. కోబ్రాలో డీజిల్ ఇంజనా అని ముఖం చిట్లించేవారు ఉంటారని తెలుసు. 900 కిలోల లోపు కారులో 280 న్యూటన్ మీటర్లు 1,800 ఆర్‌పీఎం దగ్గరే అందితే ఎలా ఉంటుందో ఒక్కసారి చూశాక ఆ చిట్లింపు మిగలదని నా నమ్మకం. ఫోర్ వీల్ డ్రైవ్ బండి గేర్‌బాక్స్ మాత్రం తీసుకోకండి; దానికి అంటుకుని ఉండే, ముందు చక్రాలకు కూడా శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మనకు అనవసరమైన బరువు, అంతకు మించి స్థలానికి శత్రువు.

మొదటి పాఠంలో చెప్పిన హెచ్చరికను ఒక్క మాటలో గుర్తు చేస్తాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మౌలిక వివరాలు మారేలా బండిని మార్చకూడదు. కొత్త బండిగా నమోదు చేయించాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వ నిబంధన కింద ప్రోటోటైప్ పరీక్షలు తప్పవు. కాబట్టి మనం తయారుచేస్తున్నది సొంత స్థలంలోనో ట్రాక్ మీదో నడిపే కారు మాత్రమే.

ఇక పనిలోకి వద్దాం. ఇంజన్‌ను ఎత్తడానికి 1 టన్ను చైన్ బ్లాక్ కావాలి, దాన్ని వేలాడదీయడానికి నమ్మదగిన ఆధారం కావాలి. రేకుల షెడ్డు ట్రస్‌కు వేలాడదీయడం ప్రమాదం. ఆ ఇనుము రేకుల బరువు కోసం వేసింది, ఇంజన్ కోసం కాదు. మన వైపు బోరు మోటార్లు ఎత్తేవారి దగ్గర మూడు కాళ్ల స్టాండు ఉంటుంది, ఒక రోజుకు అద్దెకు ఇస్తారు. నేను వాడింది అదే. దాని కాళ్లు జారకుండా మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టండి. గేర్‌బాక్స్‌ను విడదీయకుండా ఇంజన్‌తో కలిపే ఎత్తాలి, ఎందుకంటే మనం వెతుకుతున్నది ఇంజన్ స్థానం కాదు, క్రాంక్ షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన కడ్డీ) మొదలు గేర్‌బాక్స్ వెనక ఫ్లాంజ్ (షాఫ్ట్ బిగించే గుండ్రటి పలక) వరకు సాగే ఆ ఒక్క గీత స్థానం.

ఆ గీత ఎంత ముందుకు, ఎంత వెనక్కి ఉండాలనేది మొదటి ప్రశ్న. ముందు, వెనక చక్రాల మీద బరువు సమానంగా పడాలని ఇంజన్‌ను వీలైనంత వెనక్కి నెట్టాలనే ఆరాటం అందరికీ ఉంటుంది. లెక్క వేసి చూడండి: ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి 250 కిలోలు అనుకుంటే, 2,286 మిల్లీమీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న కారులో దాన్ని 100 మిల్లీమీటర్లు వెనక్కి జరిపినప్పుడు ముందు నుంచి వెనక్కి మారే బరువు 250ను 100తో గుణించి 2,286తో భాగించగా వచ్చే 11 కిలోలు మాత్రమే. ఆ 11 కిలోల కోసం డ్రైవర్ కాళ్ల దగ్గర 100 మిల్లీమీటర్లు పోగొట్టుకుంటారు, క్లచ్ పెడల్ తొక్కినప్పుడల్లా మోకాలు బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గంట ఆకారపు పెట్టె) కవరుకు తగులుతుంది. నా మట్టుకు నేను కాళ్లకే ఓటు వేశాను. మీ సొంత బరువులతో లెక్క వేయాలంటే వరంగల్ ఏనుమాముల మార్కెట్టులో బస్తాలు తూచే లాంటి ప్లాట్‌ఫాం కాంటా ఒకటి అరువు తెచ్చుకుని ఇంజన్‌ను విడిగా తూచండి. లారీలు తూచే వేబ్రిడ్జి ఇంత చిన్న తేడాలకు పనికిరాదు.

ఎత్తు విషయం త్వరగా తేలుతుంది. సంపు, అంటే ఇంజన్ కింది ఆయిల్ తొట్టి, అడుగు చాసిస్ గొట్టాల అడుగు కంటే కిందికి రాకూడదు, లేకపోతే మొదటి గుంతలోనే ఆయిల్ నేలపాలవుతుంది. పైన ఇంటర్‌కూలర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది) ఇంజన్ నెత్తిన కూర్చుని ఉంటే దాన్ని తీసి రేడియేటర్ ముందుకు మార్చకుండా కోబ్రా బానెట్ మూతపడదు. చుట్టూ అన్ని వైపులా 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఎందుకంటే ఇంజన్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు మౌంట్ల మీద అది ఊగుతుంది. స్టార్టర్ మోటారు, ఆయిల్ ఫిల్టర్ ఇంజన్ దించకుండానే బయటికి వస్తాయో లేదో ఇప్పుడే చేయి పెట్టి చూసుకోండి.

అసలు పాఠం కోణాల దగ్గర మొదలవుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు చివరలా యూజే క్రాసులు (వంగి ఉన్నా తిరగగలిగే కీళ్లు) ఉంటాయి. క్రాస్ ఒక కోణంలో వంగి తిరిగినప్పుడు, ఇటు సమవేగంతో తిప్పినా అటు సమవేగం రాదు. ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. కోణం 3 డిగ్రీలైతే ఆ హెచ్చుతగ్గు ఒక్కోవైపు 0.14 శాతం, పట్టించుకోనక్కరలేదు. 10 డిగ్రీలైతే 1.5 శాతం, అంటే పదింతలకు పైగా. అందుకే రెండు క్రాసుల కోణాలను సమానంగా ఉంచుతారు. ముందు క్రాస్ పుట్టించిన హెచ్చుతగ్గును వెనక క్రాస్ సరిగ్గా అంతే మేరకు రద్దు చేస్తుంది. ఇందుకు గేర్‌బాక్స్ గీత, హౌసింగ్ పినియన్ (షాఫ్ట్ నుంచి శక్తిని అందుకునే చిన్న పళ్ల చక్రం) గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, ఒకే గీతలో ఉండనక్కరలేదు. కోణం సున్నా చేస్తే మరీ మంచిది కదా అనిపిస్తుంది; కాని అప్పుడు క్రాస్‌లోని సూది బేరింగులు దొర్లకుండా ఒకే చోట నిలబడి అక్కడే గుంటలు పెడతాయి. 1 నుంచి 3 డిగ్రీల మధ్య ఉంచండి.

కొలిచే తీరు ఇది. ఫోనులో వాలు కొలిచే యాప్ చాలు, అయితే ఫోను వెనక కెమెరా ఉబ్బు తగలకుండా ఒక చదునైన ఇనుప పట్టీ మీద పెట్టి కొలవాలి. గేర్‌బాక్స్ ఫ్లాంజ్ ముఖం మీద ఒకసారి, షాఫ్ట్ గొట్టం మీద ఒకసారి, పినియన్ ఫ్లాంజ్ ముఖం మీద ఒకసారి కొలవండి. ఫ్లాంజ్ ముఖాలు గీతకు నిలువుగా ఉంటాయి కాబట్టి అక్కడ వచ్చే అంకెను 90 నుంచి తీసి చూసుకోవాలి. బండి తన చక్రాల మీద నిలబడినప్పుడు హౌసింగ్ ఎంత ఎత్తులో ఉంటుందో అంతే ఎత్తులో దాన్ని ఆనించి ఉంచాలి, గాలిలో వేలాడుతున్న హౌసింగ్ కోణం కొలిచి ప్రయోజనం లేదు.

ఇక్కడ నేల గురించి ఒక మాట. మన ఇళ్లలో షెడ్డుకు షాబాద్ బండలు పరిచేటప్పుడు మేస్త్రీ నీళ్లు పోవడానికి వాటం ఇస్తాడు, కంటికి కనబడకపోయినా అది ఉంటుంది. సంపు ఎత్తు, గొట్టాల ఎత్తు నేల నుంచి కొలిస్తే ఆ వాటం మిమ్మల్ని మోసం చేస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో నాలుగు స్టాండ్ల మట్టం చూసి, తక్కువైన చోట రేకు ముక్కలు పెట్టండి. క్రాసుల కోణాల విషయంలో మాత్రం వాటం ఏ హానీ చేయదు, ఎందుకంటే మనకు కావలసింది రెండు అంకెల మధ్య తేడా. నేల ఒక డిగ్రీ వాలితే మూడు అంకెలూ ఒకే డిగ్రీ మారతాయి, తేడాలు మారవు.

నా బండిలో వచ్చిన అంకెలు చెబుతాను. గేర్‌బాక్స్ గీత వెనక్కి 3 డిగ్రీలు వాలింది, షాఫ్ట్ 4.5 డిగ్రీలు వాలింది; ముందు క్రాస్ కోణం 1.5 డిగ్రీలు. పినియన్ కూడా 3 డిగ్రీల వాలులో ఉంటే వెనక క్రాస్ కోణం కూడా 1.5 అవుతుంది. కాని యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ తిరగబడబోయి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. ఆ లేపును ముందే లెక్కలోకి తీసుకుని, నాది ఇరుసును కడ్డీలు పట్టి ఉంచే లింకుల సస్పెన్షన్ కాబట్టి పినియన్‌ను 1 డిగ్రీ తగ్గించి 2 డిగ్రీల దగ్గర పెట్టాను; పట్టీ స్ప్రింగులు వాడినవారు 2 డిగ్రీలు తగ్గించాలి. అలా తొక్కుడులో ఉన్నప్పుడు రెండు కోణాలూ సమానమవుతాయి.

ఇంత జాగ్రత్తగా కోణాలు కుదిర్చి కూడా నేను ఒకసారి భంగపడ్డాను. షాఫ్ట్ పొడవు తగ్గించడానికి ఒక లేత్ వర్క్‌షాపులో ఇచ్చాను. గొట్టం కోసి, అతికి, బ్యాలెన్స్ చూసి ఇచ్చారు, పని శుభ్రంగా ఉంది. మొదటిసారి నడిపినప్పుడు వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటగానే సీటు కింద నుంచి డుమడుమమని ఒక గుంజుడు మొదలైంది, 60 దగ్గర అద్దంలో వెనక దృశ్యం చెరిగిపోయింది. మౌంట్లు మార్చాను, కోణాలు మళ్లీ కొలిచాను, చక్రాలు బ్యాలెన్స్ చేయించాను. మూడు వారాల తరువాత, కింద పడుకుని షాఫ్ట్‌ను చేత్తో మెల్లగా తిప్పుతున్నప్పుడు కనబడింది: షాఫ్ట్ ముందు యోక్ (క్రాస్‌ను పట్టుకునే రెండు చెవుల ముక్క) చెవులు నేలకు అడ్డంగా ఉన్నప్పుడు వెనక యోక్ చెవులు కూడా అడ్డంగా ఉండవలసింది, అవి దాదాపు నిలువుగా ఉన్నాయి. షాఫ్ట్ పొడవు మారేలా ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడును, అంటే స్ప్లైన్‌ను, ఎవరో తీసి, కొన్ని పళ్లు పక్కకు తిప్పి మళ్లీ దూర్చారు. అప్పుడు వెనక క్రాస్ ముందు క్రాస్ హెచ్చుతగ్గును రద్దు చేయడానికి బదులు దానికి తోడవుతుంది. పంపే ముందు గొట్టం పొడవునా, స్ప్లైన్ మీదుగా ఒక చాక్‌పీసు గీత గీసి ఉంటే అది తిరిగివచ్చిన రోజే తెలిసేది. గీయకపోవడం నా తప్పు. ఇప్పుడు పెయింటు మార్కరుతో గీస్తాను, చాక్‌పీసు గ్రీజు చేతికి చెరిగిపోతుంది. స్ప్లైన్ పూర్తిగా లోపలికి దూరిపోకుండా, సస్పెన్షన్ కదలడానికి 20 నుంచి 25 మిల్లీమీటర్ల జాగా మిగిలి ఉందో లేదో కూడా చూడండి.

చివరగా మౌంట్లు. ఇంజన్ టార్క్ 280 అని మౌంట్లకు కూడా 280 చాలనుకుంటే పొరపాటు. ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే ముద్దగా ఉన్నాయి కాబట్టి ఆ ముద్ద తిరగబడకుండా మౌంట్లు ఆపవలసింది గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే టార్క్‌ను. ఫస్ట్ గేరు నిష్పత్తి 4 అనుకుంటే అది 1,120 న్యూటన్ మీటర్లు. రెండు పక్కల మౌంట్ల మధ్య దూరం అర మీటరైతే ఒక మౌంటును 2,240 న్యూటన్ల బలం, అంటే 228 కిలోల బరువుతో సమానమైనది, పైకి లాగుతుంది, రెండోదాన్ని అంతే బలం కిందికి నొక్కుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలితే అది రెట్టింపు కావచ్చు. అందుకని 6 మిల్లీమీటర్ల ప్లేటు వాడండి, దాన్ని నేరుగా గొట్టానికి అతకకుండా ముందు గొట్టం వంపుకు సరిపడే జీను లాంటి ప్లేటు అతికి దాని మీద నిలపండి, మూలల్లో త్రికోణపు ఆసరా పలకలు (గసెట్లు) పెట్టండి. గొట్టం చుట్టూ ఉంగరంలా వెల్డింగ్ వేస్తే ఆ చుట్టు వెంబడే గొట్టం విరుగుతుంది.

ముందుగా అన్నిచోట్లా చుక్క వెల్డింగ్ మాత్రమే వేసి, చైన్ బ్లాక్ వదులు చేసి, పూర్తి బరువును రబ్బర్ల మీద మూడు నాలుగు రోజులు ఉంచండి. కొత్త రబ్బరు కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, దానితో పాటు మీ కోణాలు కూడా మారతాయి. మళ్లీ కొలిచి, అవసరమైతే గేర్‌బాక్స్ మౌంటు కింద షిమ్ (పల్చటి రేకు ముక్క) పెట్టి సరిచేసి, ఆ తరువాతే పూర్తి వెల్డింగ్‌కు పోవాలి. వెల్డింగ్‌కు ముందు ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) ప్లగ్గులు తీసివేయండి, బ్యాటరీ కనెక్షన్ తీయండి, ఎర్త్ క్లాంప్‌ను అతుకు పక్కనే, అదే గొట్టానికి తగిలించండి. సోమరితనంతో క్లాంప్‌ను గేర్‌బాక్స్‌కో హౌసింగ్‌కో తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా తిరిగి వెళ్లి వాటి గోళీల మీద సన్నని మచ్చలు కాలుస్తుంది. ఆ శబ్దం ఆరు నెలల తరువాత వినబడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఏడవ పాఠంలో పెడల్ పెట్టె, బ్రేకు గొట్టాలు వస్తాయి. ఈలోగా గేర్‌బాక్స్ వాలు, షాఫ్ట్ వాలు, పినియన్ వాలు, స్ప్లైన్‌లో మిగిలిన జాగా, సంపు నుంచి నేలకు ఎత్తు, ఈ ఐదు అంకెలనూ తేదీతో సహా చాసిస్ ముందు అడ్డ గొట్టం మీదే మార్కరుతో రాసి ఉంచండి. పెడల్ పెట్టె స్థానాన్ని ఆ అంకెల నుంచే తీస్తాం.