అమెరికా ఎంఎస్: జీఆర్ఈ పుస్తకం కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

మన ఇళ్లలో ఎంఎస్ నిర్ణయం తలకిందులుగా జరుగుతుంది. ఫైనలియర్‌లో క్లాసులో సగం మంది జీఆర్ఈ రాస్తుంటే మనమూ రాస్తాం. కన్సల్టెన్సీ వాళ్లు ఆరేడు యూనివర్సిటీలకు అప్లై చేయిస్తారు. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికొచ్చాక గానీ ఇంట్లో వాళ్లు లోను కోసం బ్యాంకు మెట్లెక్కరు. అప్పటికి చుట్టాలందరికీ కబురు తెలిసిపోయి ఉంటుంది, లక్షో లక్షన్నరో ఖర్చయి ఉంటుంది. ఇక వద్దు అనే మాట ఎవరి నోటా రాదు. 2024-25లో అమెరికాలో చదువుతున్నవాళ్లు, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) మీద పనిచేస్తున్నవాళ్లు కలిపి 3,63,019 మంది భారతీయ విద్యార్థులున్నారు. ఆ సంఖ్య మీ ఇంటి కిస్తీ ఎవరు కడతారో చెప్పదు.

కాబట్టి వెనక నుంచి మొదలుపెట్టండి. తేల్చుకోవాల్సింది ఒకే సంఖ్య: అక్కడ ఉద్యోగం రాక తిరిగొచ్చేస్తే నెలకు ఎంత కట్టాలి? ఇక్కడ చెప్పేదంతా బీటెక్ చదివి, లోను తీసుకుని ఇంజనీరింగ్‌లో ఎంఎస్‌కు వెళ్దామనుకునేవాళ్లకు. ఇంటర్ అయ్యాక నాలుగేళ్ల బీఎస్‌కు వెళ్లడం వేరే సంగతి. పెద్ద స్కాలర్‌షిప్ లేకుండా, అప్పు మీద దానికి వెళ్లొద్దనే మా సలహా.

ఖర్చు: ఐ-20 తొలి పేజీలో కనబడనిది

ఒక మామూలు ప్రభుత్వ యూనివర్సిటీ లెక్క వేద్దాం. 30 క్రెడిట్ల కోర్సు, క్రెడిట్‌కు 900 డాలర్లయితే ట్యూషన్ 27,000. వెబ్‌సైట్‌లో ట్యూషన్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఫీజులు సెమిస్టర్‌కు వెయ్యి వేసుకుంటే నాలుగింటికి 4,000. హెల్త్ ఇన్సూరెన్స్ రెండేళ్లకు 5,000. నలుగురు కలిసి ఉండి, ఇంట్లో వండుకుంటే అద్దె, తిండి, ఫోను, బస్సు కలిపి నెలకు 1,100 చొప్పున 21 నెలలకు 23,100. మొత్తం 59,100 డాలర్లు. డాలరు 90 రూపాయల లెక్కన 53 లక్షల 19 వేలు. పరీక్షలు, అప్లికేషన్లు, వీసా, టికెట్టు, లగేజీకి ఇంకో రెండు లక్షలు. మీ యూనివర్సిటీ అంకెలు వేరుగా ఉంటాయి గానీ వరుసలు ఇవే.

ఐ-20 మొదటి పేజీలో ఫైనాన్షియల్స్ అనే పెట్టె ఉంటుంది. ఎడమవైపు ఖర్చులు, కుడివైపు ఆ డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో ఉంటుంది. ఖర్చుల శీర్షికలోనే అది ఎన్ని నెలలకో రాసి ఉంటుంది. చాలా యూనివర్సిటీలు 9 నెలలకే వేస్తాయి. అది కోర్సు మొత్తానికి కాదు, పూర్తి ఏడాదికి కూడా కాదు. ఐ-20లో 34,000 డాలర్లే ఉందని ఇంట్లో చెప్పి, రెండో ఏడాది ఫీజుకు మళ్లీ అప్పుకు తిరిగేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

ఖర్చు తగ్గే దారి ఒకటుంది, దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీలో గెలిచిన స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లు వస్తే, ఆ రాష్ట్రం పిల్లలు కట్టే ట్యూషనే మీకూ వేయొచ్చు. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ వల్ల అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. డిపార్ట్‌మెంట్‌కు మెయిల్ రాసి కనుక్కోండి. టీఏ, ఆర్ఏ (బోధనలో, పరిశోధనలో సహాయకుడిగా చేసే పనులు) మాత్రం మొదటి సెమిస్టర్‌లో వస్తాయని లెక్కలో వేసుకోవద్దు. అవి ముందు పీహెచ్‌డీ వాళ్లకు పోతాయి.

లోను, కిస్తీ

ఆ 53 లక్షల్లో 13 ఇంట్లో సర్దుకుని 40 లక్షలు లోను తీసుకున్నారనుకోండి. వడ్డీ 11 శాతం. సెమిస్టర్‌కు పది లక్షల చొప్పున నాలుగు విడతల్లో విడుదలైతే, కోర్సు రెండేళ్లు, ఆపై ఆరు నెలల గడువు పూర్తయ్యేసరికి సాధారణ వడ్డీయే దాదాపు 7 లక్షల 90 వేలు చేరుతుంది. అప్పు 47.9 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెల కిస్తీ దాదాపు 66,000. పదిహేనేళ్లకు సాగదీస్తే 54,400కు దిగుతుంది గానీ కట్టే మొత్తం 98 లక్షలకు చేరుతుంది. చదువుకునే రోజుల్లోనే నెలనెలా వడ్డీ కట్టగలిగితే ఆ 7.9 లక్షలు అసలులో కలవవు, కిస్తీ 55,100 దగ్గర ఆగుతుంది. నెలకు పదకొండు వేల తేడా.

ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా 7.5 లక్షలు దాటితే తాకట్టు అడుగుతాయి. ఇక్కడ పల్లెటూరి కుటుంబాలకు ఒక దెబ్బ తగులుతుంది: పదెకరాల పొలం ఉన్నా చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని విద్యారుణానికి తాకట్టు పెట్టుకోవు. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి కాగితాల తిప్పలు. బ్యాంకు లాయరు అడిగేవి రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ప్లాన్ అనుమతి, ఇంటి పన్ను రసీదు. వీటిలో ఒక్కటి తక్కువైనా నెల గడుస్తుంది. అందుకే అడ్మిట్ రాకముందే జిరాక్సులు పట్టుకెళ్లి మేనేజర్‌కు చూపించండి. తాకట్టు లేకుండా ఇచ్చే ఫైనాన్స్ కంపెనీలు త్వరగా ఇస్తాయి గానీ వడ్డీ ఎక్కువ, చదువు మధ్యలోనే కొంత వడ్డీ కట్టించుకునేవీ ఉన్నాయి. విద్యారుణం వడ్డీకి పన్ను మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే, అదీ ఎనిమిదేళ్లే.

రెండు గడుల కాగితం

ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమ గడిలో అక్కడ ఉద్యోగం వచ్చిన లెక్క రాయండి. టెక్సస్‌లో ఏడాదికి 75,000 డాలర్ల జీతం అనుకుంటే, ఆ రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత ఉండదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ కూడా దొరుకుతుంది. నెలకు దాదాపు 5,500 చేతికొస్తుంది. కారు, అద్దె పోను మూడు వేలకు తగ్గకుండా పంపగలిగితే ఏడాదిన్నర, రెండేళ్లలో అప్పు తీరుతుంది. అందరూ చెప్పే కథ ఈ గడిదే, అది అబద్ధమూ కాదు.

కుడి గడిలో ఉద్యోగం రాలేదని రాయండి. హైదరాబాద్‌లో మీ బ్రాంచికి, మీ నైపుణ్యానికి ఈరోజు దొరికే జీతం రాయండి, ఆశపడే జీతం కాదు. నెలకు 60,000 చేతికొస్తే కిస్తీకే చాలదు. అమ్మానాన్నలు రిటైరైపోతారా, ఇంకెన్నేళ్లు సంపాదిస్తారు, చెల్లెలి చదువు ఉందా, అన్నీ ఈ గడిలోకే. మా కొలత ఇది: మీ చేతికొచ్చే జీతంలో సగం, ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడకుండా వేయగలిగింది కలిపితే కిస్తీకి సరిపోవాలి. సరిపోకపోతే వెళ్లొద్దని కాదు, ఈ ఖర్చుతో వెళ్లొద్దని. చవక యూనివర్సిటీ చూడొచ్చు. రెండేళ్లు పనిచేసి పది లక్షలు కూడబెట్టుకుని వెళ్లొచ్చు. పరిశోధన నిజంగా ఇష్టమైతే స్టైపెండు ఇచ్చే పీహెచ్‌డీకి నేరుగా అప్లై చేయొచ్చు. గేట్ స్కోరుతో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుందన్నదీ పక్కన రాసుకోండి.

పని చేసే హక్కు ఎంతకాలం

చదువయ్యాక ఓపీటీ 12 నెలలు. మీ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. అది స్టెమ్ అవునో కాదో చెప్పేది కోర్సు పేరు కాదు, ఐ-20 మీద ఉండే సీఐపీ కోడ్ (సబ్జెక్టుకు ఇచ్చే అధికారిక సంఖ్య). అప్లై చేసే ముందే కోడ్ అడగండి. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. స్టెమ్ పొడిగింపుతో కలిపి మొత్తం 150 రోజులు. పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే అర్హత ఉందో లేదో చూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి.

ఆ తర్వాతది హెచ్-1బి, కంపెనీ మీ తరఫున అడిగే ఉద్యోగ వీసా. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. 2025 మార్చి లాటరీలో అర్హమైన రిజిస్ట్రేషన్లు 3,43,981, ఎంపికైనవి 1,20,141. అంటే మూడింటికి ఒకటి చొప్పున. 2026 నుంచి లాటరీ పద్ధతి మారింది: జీతం స్థాయి ఎక్కువున్న ఉద్యోగానికి ఎక్కువ చీటీలు, నాలుగో స్థాయికి నాలుగు, మొదటి స్థాయికి ఒకటే. అప్పుడే పట్టా పుచ్చుకున్నవాళ్లు సాధారణంగా ఒకటి, రెండు స్థాయిల్లోనే ఉంటారు. కాబట్టి పాత సగటును మీకు అన్వయించుకోవద్దు. 2025 సెప్టెంబరు 21 నుంచి వేసే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుము వచ్చింది. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని అక్కడి వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. దీని అర్థం, తిరిగొచ్చి ఇక్కణ్నుంచి మళ్లీ ప్రయత్నిద్దాంలే అనుకోవడం ఇప్పుడు చాలా కష్టం. మీరు టికెట్టు కొనే రోజుకు ఈ నిబంధనలు ఎలా ఉన్నాయో మళ్లీ ఒకసారి చూసుకోండి.

యూనివర్సిటీని వడకట్టడం

కన్సల్టెన్సీ ప్రాసెసింగ్ ఉచితమంటే ఆ డబ్బు యూనివర్సిటీ కమీషన్ రూపంలో వస్తోందని అర్థం. తప్పేమీ లేదు, కానీ కమీషన్ ఇవ్వని మంచి ప్రభుత్వ యూనివర్సిటీ పేరు వాళ్ల జాబితాలో ఉండదు. అమెరికా ప్రభుత్వ మద్దతుతో నడిచే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా ఉచితం, అక్కడ తెలుసుకున్నదాన్నీ కన్సల్టెన్సీ జాబితానూ పోల్చి చూడండి.

మూడు సంగతులు మీరే చూడాలి. మొదటిది, గుర్తింపు. అమెరికా విద్యాశాఖ అక్రిడిటేషన్ డేటాబేస్‌లో పేరుండాలి. ఐ-20 ఇచ్చే అనుమతి ఒక్కటే ఉంటే చాలదు: 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసినప్పుడు ఇరుక్కున్నవాళ్లలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీని మిషిగాన్‌లో అధికారులే వలగా పెట్టారు. ట్రై-వ్యాలీలో క్లాసులు పేరుకే, ఫార్మింగ్టన్‌లో అసలు లేనేలేవు. రెండోది, ఆ సంస్థ లాభాపేక్షతో నడిచేదా? అయితే ఆ మాస్టర్స్‌కు హెచ్-1బి అదనపు 20,000 కోటా వర్తించదు. ఈ విషయం ఎవరూ ముందు చెప్పరు. మూడోది, ఆ డిపార్ట్‌మెంట్ నుంచి బయటికొచ్చినవాళ్లు ఎక్కడ చేరారు. లింక్డ్‌ఇన్‌లో యూనివర్సిటీ పేరు, కోర్సు, గత రెండేళ్లు పెట్టి ముప్పై ప్రొఫైళ్లు తెరవండి. ఎందరు పెద్ద కంపెనీల్లో ఉన్నారు, ఎందరు పేరు వినని కన్సల్టింగ్ కంపెనీల్లో ఉన్నారు లెక్కపెట్టండి. గంట పని, ర్యాంకింగ్ పట్టిక కన్నా ఎక్కువ చెబుతుంది.

బ్రాంచిని బట్టి కూడా లెక్క మారుతుంది. ఏరోస్పేస్ చదివితే రక్షణ రంగపు ఉద్యోగాలు చాలావరకు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. సివిల్‌లో ఎఫ్ఈ పరీక్ష (ఇంజనీరు లైసెన్సుకు తొలి మెట్టు) పాసైతే పని దొరకడం కాస్త తేలిక. మెకానికల్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు మారేవాళ్లకు పునాది కోర్సులు 9 నుంచి 12 క్రెడిట్లు తగలొచ్చు, అవి డిగ్రీలో లెక్కకు రావు, ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి.

ఫాలా (ఆగస్టు), స్ప్రింగా (జనవరి)? వీలైతే ఫాలే. సీపీటీ (చదువు మధ్యలో పనిచేసే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేయాలంటే మామూలుగా ఒక విద్యా సంవత్సరం పూర్తవ్వాలి. ఆగస్టులో చేరినవాళ్లకు మే నాటికి రెండు సెమిస్టర్లు అయిపోతాయి, వేసవి ఇంటర్న్‌షిప్ చేతికొస్తుంది. జనవరిలో చేరినవాళ్లకు ఆ వేసవి వృథా. ఫాల్‌లో చేరినా కెరీర్ ఫెయిర్ సెప్టెంబరులోనే వస్తుంది, రెజ్యూమె విమానం ఎక్కేముందే సిద్ధంగా ఉండాలి.

చేయకూడనివి

బ్యాంకులో డబ్బు చూపించడానికి శాతం తీసుకుని అప్పుగా వేసేవాళ్లున్నారు. అది దొరికితే తప్పుడు సమాచారం కింద శాశ్వత నిషేధం పడొచ్చు. నకిలీ అనుభవ పత్రాలకూ అంతే. క్యాంపస్‌లో సెమిస్టర్ నడుస్తుండగా వారానికి 20 గంటలు పనిచేయొచ్చు. గ్యాస్ స్టేషన్‌లో చేతికి నగదిచ్చే పని చట్టవిరుద్ధం, దొరికితే స్టేటస్ పోతుంది. దాన్ని నమ్ముకుని నెల ఖర్చు లెక్క వేసుకుంటే ఆ లెక్క మొదలే తప్పు.

అన్నీ చూసుకుని వెళ్దామనే తేలితే, నిధులతో వచ్చే ఫాల్ సీట్ల గడువు చాలాచోట్ల డిసెంబరుకే ముగుస్తుందని గుర్తుంచుకోండి. సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), ట్రాన్‌స్క్రిప్టులు ముందు తెచ్చుకోండి. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185. సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. వీసా రాకపోతే 185 డాలర్లు పోయినట్టే. సెవిస్ ఫీజు మాత్రం పన్నెండు నెలల్లోపు మళ్లీ ఎఫ్-1కే వెళ్తే ఇంకోసారి కట్టనక్కర్లేదు, రసీదు దాచుకోండి. క్లాసులు మొదలవకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడ్మిషన్ వచ్చే సెమిస్టర్‌కు వాయిదా వేయమని అడగొచ్చు. డిపాజిట్ తిరిగిస్తారా లేదా అన్నది మాత్రం కట్టేముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.