జాజ్ గిటార్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఒకే స్వరం, రెండు స్థాయిలు

పోయిన పాఠంలో పిక్ (తీగ మీటే చిన్న పలక) పక్కన పెట్టి, బొటనవేలి కండతో మీటడం మొదలుపెట్టాం. ఆ 'టిక్' చప్పుడు పోయి నాదం మెత్తగా వస్తుంటే ముందుకు రండి. ఇంకా రాకపోతే అక్కడే ఉండండి, తొందరేం లేదు.

ఈసారి మనకు గురువు అమెరికన్ జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గొమరీ. ఆల్బమ్ 'ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్ ఆఫ్ వెస్ మాంట్‌గొమరీ'. 1960 జనవరిలో న్యూయార్క్‌లో రికార్డయింది. పియానో టామీ ఫ్లానగన్, బేస్ పెర్సీ హీత్, డ్రమ్స్ పెర్సీ తమ్ముడు ఆల్బర్ట్. వెస్‌తో కలిపి నలుగురే. అప్పటికి వెస్‌కి 36 ఏళ్లు. ఇండియానాపొలిస్‌లో పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి క్లబ్బుల్లో వాయించడం, అలా ఏళ్లు గడిపినవాడు. నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రాదు. తనకంటే ముందుతరం జాజ్ గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని, చెవితో పట్టుకుని నేర్చుకున్నాడు. నొటేషన్ రాదని దిగులుపడే మనలాంటి వాళ్లకి ఇంతకంటే ధైర్యం ఏం కావాలి!

ఆ ఆల్బమ్‌లోని 'వెస్ట్ కోస్ట్ బ్లూస్' పెట్టండి. బ్లూసే గానీ మామూలుగా ఉండే నాలుగు దెబ్బలు కాదు, మూడేసి దెబ్బల నడక. చేత్తో ఒకటి–రెండు–మూడు వేస్తూ గిటార్ సోలో మాత్రం వినండి. మొదట ఒక్కొక్క స్వరమే. చాలాసేపు అంతే. తర్వాత ఉన్నట్టుండి గిటార్ లావెక్కినట్టు వినిపిస్తుంది చూడండి, ఆ నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి. అక్కడే ఆక్టేవ్‌లు, అంటే ఒకే స్వరాన్ని రెండు స్థాయిల్లో ఒకేసారి మోగించడం, మొదలయ్యాయి. ఆ తర్వాత వచ్చే నిండు కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) సంగతి వచ్చే పాఠంలో.

ఇప్పుడు గిటార్ తీసుకోండి. చూపుడు వేలు ఆరో తీగ (అన్నిటికంటే లావుది) మీద 6వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డపట్టీ), ఉంగరం వేలు నాలుగో తీగ మీద 8వ ఫ్రెట్. రెండూ బి ఫ్లాటే, ఒకటి కింది స్థాయి, ఇంకొకటి పై స్థాయి. అసలు కష్టం మధ్యలో ఉన్న ఐదో తీగతోనే. చూపుడు వేలిని నిటారుగా నిలబెట్టకండి. కొంచెం వాల్చి, దాని అడుగుభాగం ఐదో తీగకి తాకీ తాకనట్టు ఉంచండి. ఫ్రెట్‌కి నొక్కితే అదీ మోగుతుంది, పూర్తిగా వదిలేసినా మోగుతుంది. ఇప్పుడు బొటనవేలితో మూడు తీగల మీదుగా ఒకే దెబ్బ కిందికి. రెండే స్వరాలు వినిపించాలి.

అదే ఆకారంతో 9వ ఫ్రెట్‌కి జరిగితే డి ఫ్లాట్. ఐదో, మూడో తీగలకు మారి 6, 8 ఫ్రెట్లు పట్టుకుంటే ఇ ఫ్లాట్. అక్కడే 8, 10 పట్టుకుంటే ఎఫ్. ఈ నాలుగూ చాలు. నాలుగో, రెండో తీగలకు వెళ్తే మాత్రం వేళ్ల మధ్య దూరం రెండు ఫ్రెట్లు కాదు, మూడు.

చాలామంది ఆక్టేవ్ పట్టు దొరగ్గానే పాటంతా అదే వాయించేస్తారు. రెండు నిమిషాలకే వినేవాళ్లకి విసుగు. వెస్ దాన్ని దాచిపెట్టి ఆలస్యంగా బయటికి తీస్తాడు కాబట్టే అంత బలం.

ఈ వారం పని: మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, పైన చెప్పిన నాలుగు స్వరాలతో సొంతంగా ఒక చిన్న ముక్క అల్లండి. మూడుసార్లు ఒంటి స్వరాలతో, నాలుగోసారి ఆక్టేవ్‌లతో వాయించి ఫోన్‌లో రికార్డు చేయండి. వినేటప్పుడు మధ్య తీగ గుయ్యిమంటుంటే చూపుడు వేలి వాలు సరిచేసి మళ్లీ వాయించండి.