అన్నం మానకుండానే బరువు తగ్గాను

మాంసం ముట్టనివాళ్లు సన్నగా ఉంటారని చాలామంది అనుకుంటారు. మా ఇంట్లో అందరం శాకాహారులమే, అయినా నా పొట్ట తగ్గేది కాదు. కంచం నిండా అన్నం, పప్పు మాత్రం గరిటెడు! హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం మొత్తం కేలరీల్లో ధాన్యాల నుంచి వచ్చేవి 45 శాతం మించకూడదు.

నేను వడ్డించుకునే వరుస మార్చాను. ముందు సొరకాయో బీరకాయో కప్పు నిండా కూర, తర్వాత గట్టి ముద్దపప్పు, చివర్లో కాస్త అన్నం. పొద్దున ఉప్మా లేని పెసరట్టు. 100 గ్రాముల పెసల్లో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అందుకే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

అసలు కీలకం నూనె. గ్రాముకు 9 కేలరీలు! సీసాతో వంచకుండా చెంచాతో కొలుస్తున్నాను. వంకాయ వేపుడు మూతపెట్టి, సన్న సెగ మీద నీళ్లు చిలకరిస్తూ మగ్గిస్తే రెండు చెంచాల నూనె చాలు, రుచి ఏమీ తగ్గదు. సాయంత్రం మిక్చర్ బదులు ఉడికించిన శనగలు, ఉల్లిపాయ, నిమ్మరసం.

ముందు ప్యాంట్లు వదులయ్యాయి, కిలోలు తర్వాత కదిలాయి. శాకాహారులు విటమిన్ బి12 పరీక్ష తప్పక చేయించుకోండి. షుగర్ మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగాకే తిండి మార్చండి.