గిటారు స్వయంశిక్షణ – 3: పాత గిటారు కొనడం, తీగల ఎత్తు దించడం

పోయిన పాఠంలో గిటారు భాగాల పేర్లు చెప్పుకున్నాం. ఈసారి పాత గిటారు కొనడం, కొన్నాక తీగల ఎత్తు (యాక్షన్ అంటారు) సరిచేయడం. ఈ రెండూ కలిపి చెప్పడానికి కారణముంది: తీగలు దించడానికి వీల్లేని గిటారు అసలు కొననేకూడదు.

ఒడిశా గజపతి జిల్లాలోని పర్లాకిమిడి, మోహన, ఆర్.ఉదయగిరి వైపు చర్చి పాటల బృందాల్లో గిటారు మామూలే. పిల్లలు చదువులకని బరంపురమో విశాఖో వెళ్లిపోతే ఇంట్లో మూలన పడున్నవి అమ్మకానికొస్తాయి. అమ్మేవాళ్లు పాలిష్, కంపెనీ పేరు చూపిస్తారు. మీరు మాత్రం ముందు సాడిల్ చూడండి. బ్రిడ్జి (గిటారు పొట్ట మీద తీగల చివర్లు పట్టి ఉంచే చెక్కముక్క) గాడిలో నిలబడి తీగల్ని మోసే సన్నటి తెల్లపట్టీ అది. చెక్క పైకి మూడు మిల్లీమీటర్లయినా కనబడాలి. తీగలు ఎత్తుగా ఉండి, సాడిల్ అప్పటికే చెక్కలోకి దిగిపోయి ఉంటే ఇక అరగదీయడానికేమీ మిగల్లేదు. మెడ కోణమే మారిపోయిందన్నమాట. చవక గిటారుకి మెడ ఊడదీసి మళ్లీ అతికించే ఖర్చు దాని ధరనే మించిపోతుంది. సగం ధరకిస్తానన్నా వద్దనండి.

బ్రిడ్జి వెనక అంచు కిందికి కాగితం దూర్చి చూడండి. లోపలికి పోతే జిగురు వదిలేసినట్టే. 12-53 తీగలు (సన్నది అంగుళంలో వెయ్యింట 12 వంతులు, లావుది 53 వంతుల మందం) శ్రుతి చేశాక బ్రిడ్జిని దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి, ఆ సందు పెరుగుతూనే ఉంటుంది. ఫోన్ టార్చి వేసి గుండ్రటి రంధ్రంలోంచి లోపలి చెక్క చూడండి. నీటి చారలుంటే, 2018 తిత్లీ తుఫానులో తడిసిందా అని మొహమాటపడకుండా అడగండి.

కొన్నారనుకుందాం. శ్రుతి చేసి, తీగను మొదటి ఫ్రెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గరా 14వ ఫ్రెట్టు దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్టుకీ తీగకీ మధ్య సందు చూడండి. పోస్టుకార్డు మందం ఉంటే చాలు. బాగా ఎక్కువుంటే మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీని కుడివైపుకి పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. ఆ రాడ్ పని మెడ వంపు సరిచేయడమే. యాక్షన్ దించడానికి దాన్ని తిప్పమనేవాళ్ల మాట వినకండి, మెడ పాడవుతుంది.

ఇప్పుడు స్టీలు స్కేలుతో 12వ ఫ్రెట్టు పైనుంచి తీగ అడుగుదాకా కొలవండి. సున్నా ముందు ఖాళీ వదిలిన స్కేలైతే కొలత తప్పొస్తుంది. లావు తీగ కింద 2.5, సన్న తీగ కింద 2 మిల్లీమీటర్లు ఉంటే నేర్చుకునే వేళ్లకి హాయి. 12వ ఫ్రెట్టు తీగ పొడవుకి సరిగ్గా నడుమ ఉంటుంది కాబట్టి, అక్కడ ఎంత దించాలో సాడిల్ దగ్గర దానికి రెట్టింపు తీయాలి. 3.2 ఉన్నది 2.5 కావాలంటే 1.4 మిల్లీమీటర్లు.

తీగలు వదులుచేసి, తీగల్ని బ్రిడ్జిలో పట్టి ఉంచే పిన్నులు తీసి, సాడిల్‌ను మెల్లగా పైకి లాగండి. అడుగు అంచునుంచి తీయాల్సినంత ఎత్తున పెన్సిల్‌తో గీత గీయండి. అరగదీయాల్సింది అడుగుభాగమే. పైభాగానికి ఫ్రెట్‌బోర్డు వంపుకి తగ్గ వంపుంటుంది, దాన్ని ముట్టుకుంటే స్వరం చెడుతుంది. గాజుపలక మీద 120 నంబరు ఉప్పుకాగితం పరిచి, సాడిల్ నిలువుగా పట్టి, ఒకే ఒత్తిడితో నెట్టండి. మధ్యమధ్య గాజు మీద నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. కింద ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే అడుగు సమంగా లేనట్టు, మోత తగ్గిపోతుంది. గీతకి కాస్త ముందే ఆగి, 320తో నునుపు చేసి, తీగలు బిగించి మళ్లీ కొలవండి.

మన దగ్గర వానాకాలం తేమకి పైచెక్క ఉబ్బి తీగలు లేస్తాయి. ఆగస్టులో కొలిచి గీతదాకా అరగదీస్తే, సంక్రాంతికి చెక్క ఆరి తీగలు ఫ్రెట్లకి తగిలి జరజరమంటాయి. వానాకాలంలో అయితే లావు తీగ కింద 2.7 దగ్గర ఆపేయండి, మిగతాది చలికాలంలో చూద్దాం.

పొరపాటున ఎక్కువ అరిగితే కొత్త సాడిల్ వేయాల్సిందే. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు, గేదె కొమ్ము సాడిల్‌కి పనికొచ్చే సరుకే. పాతది నమూనాగా చూపించి అడగండి.

వచ్చే పాఠం నట్ (మెడ పైచివర తీగలు ఆనుకునే గాళ్ల పట్టీ) గురించి. అప్పటికి ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్టు మీదా మోగించి, ఎక్కడ జరజరమందో చీటీ మీద రాసిపెట్టుకోండి. తీగను ఎక్కడా నొక్కకుండా ఉత్తగా మీటినప్పుడు మాత్రమే ఆ చప్పుడొస్తే దాని పక్కన చుక్క పెట్టండి.