పాత ఫుట్‌బాల్ స్కోర్లు చదవడం – 3వ పాఠం: అవే గోల్ మెలిక

రెండు లెగ్‌ల (ఒకటి ఒకరి గడ్డ మీద, ఇంకోటి రెండోవాళ్ల గడ్డ మీద ఆడే మ్యాచ్‌ల) స్కోర్లు కూడి అగ్రిగేట్, అంటే మొత్తం స్కోరు, తీయడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. 1961లో యూరప్ దేశాల కప్పు విజేతలు ఆడిన కప్ విన్నర్స్ కప్ తొలి ఫైనల్‌నే తీసుకోండి. ఫియొరెంతీనా గ్లాస్గోలో 2-0తో, ఫ్లోరెన్స్‌లో 2-1తో రేంజర్స్‌ని ఓడించింది. మొత్తం 4-1. కూడిక వస్తే చాలు, విజేత ఎవరో తెలిసిపోతుంది. మరి కూడితే సమానం వచ్చినప్పుడు?

ఆ చిక్కు తీర్చడానికే అవే గోల్ నిబంధన వచ్చింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా దాన్ని మొదట పెట్టింది ఈ టోర్నీలోనే, 1965-66 సీజన్‌లో. ప్రత్యర్థి గడ్డ మీద ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్లు ముందుకెళ్లేవారు. ఆ సీజన్‌లో హోన్వెడ్ ప్రాగ్‌ వెళ్లి డుక్లాను 3-2తో ఓడించింది. బుడాపెస్ట్‌లో డుక్లా 2-1తో బదులు తీర్చుకుంది. మొత్తం 4-4. బయట హోన్వెడ్ కొట్టినవి 3, డుక్లా కొట్టినవి 2. హోన్వెడ్ గట్టెక్కింది.

ఇప్పుడు పెన్సిల్ తీయండి. సొంతగడ్డ మీద ఆడే జట్టు అంకెనే ముందు రాస్తారు కాబట్టి, రెండు మ్యాచ్‌ల్లోనూ రెండో అంకె చుట్టూ సున్నా చుట్టండి. ఆ అంకెలే అవే గోల్స్. కొన్ని పట్టికల్లో మాత్రం రెండు లెగ్‌లకీ ఎడమవైపు జట్టు అంకెనే ముందు వేస్తారు. అలాంటి చోట రెండో లెగ్‌లో మొదటి అంకెకి చుట్టాలి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

1971 నవంబర్‌లో రిఫరీయే తడబడ్డాడు. గ్లాస్గోలో రేంజర్స్ 3, స్పోర్టింగ్ 2. లిస్బన్‌లో 90 నిమిషాలకి స్పోర్టింగ్ 3, రేంజర్స్ 2. ఎక్స్‌ట్రా టైమ్‌లో (అదనపు అరగంటలో) చెరొక గోల్ పడి స్కోరు 4-3 అయింది. మొత్తం 6-6. రిఫరీ పెనాల్టీ షూటౌట్ పెట్టించాడు, స్పోర్టింగ్ గెలిచింది, స్టేడియంలో సంబరాలు మొదలయ్యాయి. కానీ సున్నాలు చుట్టి చూడండి: స్పోర్టింగ్‌కి 2, రేంజర్స్‌కి 3. ఎక్స్‌ట్రా టైమ్ గోల్ కూడా అవే గోలే కాబట్టి అసలు షూటౌట్ అవసరమే లేదు. చివరికి తీర్పు మార్చారు. ఆ రేంజర్సే 1972 ఫైనల్లో డైనమో మాస్కోను 3-2తో ఓడించి కప్పు కొట్టారు.

నాకైతే ఈ ఎక్స్‌ట్రా టైమ్ లెక్క ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. బయటి నుంచి వచ్చిన జట్టుకి అవే గోల్ కొట్టడానికి ఇంకో అరగంట దొరుకుతుంది, ఇంటి జట్టుకి ఆ అవకాశమే లేదు. 2021లో యుయెఫా నిబంధనని మొత్తంగా ఎత్తేసింది. ఆ తర్వాతి స్కోర్లకి సున్నాలు చుట్టకండి.

అభ్యాసం: టోర్నీ చివరి సీజన్, 1998-99 సెమీఫైనల్. మాస్కోలో లొకోమోటివ్ 1, లాజియో 1. రోమ్‌లో లాజియో 0, లొకోమోటివ్ 0. ఫైనల్‌కి ఎవరు వెళ్లారు? రోమ్‌లో కూడా 90 నిమిషాలకి 1-1 అయ్యుంటే ఏం జరిగేది? జవాబులు వచ్చే పాఠంలో చూద్దాం. 1964లో ఫైనల్ని మళ్లీ ఆడించాల్సి వచ్చిన కథ కూడా అందులోనే.